బుధవారం నిలుపు ప్రార్థన

అమ్మ తర్వాత అమ్మవైన అక్కకు,

మూడు వారాలైంది. రెండుసార్లు ఆసుపత్రి మెట్లెక్కాను. రెండుసార్లూ నీ కూతురు వార్డు గుమ్మంలోనే ఆపేసింది. "అమ్మ పడుకుంది పిన్నీ" అంది. నువ్వు పడుకోలేదని నాకు తెలుసు. తలుపు సందులోంచి నీ కళ్లు కనిపించాయి. గోడవైపు తిరిగి ఉన్నాయి. నిన్న నిన్ను తన ఇంటికి తీసుకుపోయిందన్న సంగతి రొట్టెలావిడ చెబితే తెలిసింది. పుట్టినప్పటి నుంచి నీ కొంగు వదలనిదాన్ని, నా అక్క ఇల్లు మారిందని రొట్టెల కొట్లో వినాల్సి వచ్చింది.

కోపంతోనే రాస్తున్నాను. మెత్తగా రాయడం నాకు రాదు. బట్టలు కత్తిరించే బల్ల మీద సుద్దముక్కతో నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే కదా. నువ్వు నేర్పిన ఆ అక్షరాలతోనే వాక్యం చదివాను, ఆ వాక్యంతోనే ముప్పై ఏళ్లు మన ప్రార్థన హాలు దద్దరిల్లేలా చెప్పాను. ఇప్పుడు అవే అక్షరాలతో నిన్ను నిలదీస్తున్నాను. నా మీద ఎందుకు అలిగావు? నువ్వు పడింది నేను తోస్తేనా?

ఆ చీటీల నర్సు వచ్చిన ఆదివారం నీకు గుర్తుండే ఉంటుంది. రెండేళ్లయింది. చంకలో పరీక్షలకి రమ్మనే చీటీల కట్ట పెట్టుకుని, మన హాలు చివర నిలబడి చెప్పింది. "ఏటా చేసే పరీక్షలే అమ్మా. బీపీ, షుగరు, కళ్లు చూస్తాం కదా. దాంతోపాటు అరవై ఐదు దాటిన ఆడవాళ్లకి ఎముకలు కూడా చూస్తాం. బల్ల మీద పది నిమిషాలు పడుకుంటే అయిపోతుంది. సూది లేదు, మంట లేదు." అప్పుడు నువ్వే అడిగావు. "ఏ నొప్పీ లేనప్పుడు ఎందుకమ్మా చూపించుకోవడం?" ఆ పిల్ల నవ్వింది. "ఎముక గుల్లబారితే నొప్పి ఉండదమ్మా. విరిగిన రోజే తెలుస్తుంది. ఆ రోజు రాకముందే చూద్దామని."

అప్పుడు నేను లేచాను. నీతిమంతుల ఎముకలన్నిటినీ కాపాడేవాడు ఉన్నాడని, వాటిలో ఒక్కటీ విరగనివ్వడని రాసి ఉంటే, దేవుడి మాటను బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష చేస్తారా అని అడిగాను. ఆ రోజు నా గొంతులో నిప్పు ఉంది. అది నీకూ తెలుసు, నీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై ముగ్గురు ఆడవాళ్లు, ఇరవై ముగ్గురూ, ఆ చీటీలు తెచ్చి కానుకల సంచిలో వేశారు. అందరికంటే ముందు వేసింది నువ్వే.

తర్వాత నిలుపు ప్రార్థన. ప్రతి బుధవారం పొద్దున్నే ఏమీ తినకుండా, టీ కూడా తాగకుండా, ఒక్క గ్లాసు నీళ్లు తాగి అరగంట కదలకుండా నిలబడటం. అది నాకు నేను పెట్టుకున్న నియమం. నిన్ను నిలబడమని నేను అనలేదు. నువ్వే ఒక బుధవారం పొయ్యి ఆపేసి వచ్చి నా పక్కన నిలబడ్డావు. నువ్వే హాల్లో అందరికీ చెప్పావు. "మా చెల్లి నిలుపు ప్రార్థన పట్టింది, మనమూ పట్టాలి" అన్నావు. నెల తిరక్కుండా ఇరవై ముగ్గురూ తమ తమ వంటింట్లో బుధవారం నిలబడటం మొదలుపెట్టారు.

డెబ్బై ఒక్క ఏళ్ల మనిషివి, ఖాళీ కడుపుతో నిలబడి కళ్లు తిరిగి పడ్డావు. తుంటి విరిగింది. హాల్లో ఏమనుకుంటున్నారో చెప్పనా? పెద్దక్క విశ్వాసంలో ఎక్కడో బీట ఉండి ఉంటుంది, లేకపోతే ప్రార్థనలో నిలబడ్డ మనిషి ఎముక ఎలా విరుగుతుంది అంటున్నారు. గంట కొట్టే పెద్దాయన నా ముందే అన్నాడు. నేను కాదనలేదు. కాదని ఏం చెప్పను? నువ్వు ఆ రోజు మనసులో ఏం పెట్టుకుని నిలబడ్డావో నీకే తెలియాలి. నిన్ను నువ్వు పరీక్షించుకో అక్కా. గోడవైపు తిరిగితే జవాబు రాదు.

ప్రభువు పనిలో అలుపెరగని
నీ చెల్లెలు

*

అక్కా,

మొన్నటి ఉత్తరం నీ చేతికి అంది ఉంటే చింపి పొయ్యిలో పెట్టు. అందులో నేను రాసిన ప్రతి మాటా జరిగిందే, అయినా ఉత్తరమంతా అబద్ధం. వాక్యాన్ని వాడుకుంటూ అబద్ధం ఎలా ఆడాలో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు.

ఈ బుధవారం హాల్లో నీ కోసమని అందరూ కలిసి నిలుపు ప్రార్థన చేశారు. నన్ను ముందు నిలబెట్టారు. ఇరవై నిమిషాలు దాటేసరికి రొట్టెలావిడ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది, ముందుకి తూలింది. నేను ఉరికి నడుం పట్టుకున్నాను. కళ్లు తెరిచి ఆవిడ ఏమందో తెలుసా? "ఇంకా టైం అవ్వలేదు కదా చెల్లమ్మా, నన్ను కూర్చోబెట్టకండి." ఆవిడని బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను.

బల్ల మీద నీ బూడిదరంగు గౌను సగం కుట్టి ఉంది. అంచు మడవాలని కొలతల పుస్తకం తీశాను. నీ పేజీ తెరిచాను. ముందు పొడవు నాలుగేళ్ల కింద యాభై రెండు అంగుళాలు. తర్వాత యాభై ఒకటిన్నర. తర్వాత యాభై ముప్పావు. పోయినేడు నలభై తొమ్మిదిన్నర. వెనక మాత్రం భుజాల దగ్గర గుడ్డ ఏటేటా ఎక్కువ పెడుతూ వచ్చాను, వీపు గూనిగా వంగుతోంది కదా. అంతా నా చేతిరాతే. నలభై ఏళ్లు టేపు పట్టినదాన్ని. మనిషి కుదించుకుపోతుంటే నాకు తెలియలేదా? తెలిసింది. గౌను ముందు అంచు నేలకి తగులుతోందని నువ్వంటే, "గుడ్డ సాగిందిలే" అని, నువ్వు చూడకుండా లోపలికి మడిచి కుట్టేశాను. నువ్వు కురచ అవుతున్నావని నీకు తెలియకుండా, ఏటా కాస్త కాస్త, దారంతో దాచిపెట్టాను.

ఈ రెండేళ్లూ ఎందుకు దాచానంటే, నా సంగతి దాచడం కోసం.

ఆ నర్సుని వెళ్లగొట్టిన మూడు నెలలకి బడి బట్టల మూట ఎత్తుతుంటే నా వీపులో ఏదో చిటుక్కుమంది. నీకు బెణికిందని చెప్పాను. ఒక గురువారం దారాలు తేవాలని చెప్పి బస్సెక్కి, మనవాళ్లెవరూ రాని ఊళ్లో ఆసుపత్రికి వెళ్లాను. ఏ బల్లని హాల్లో తిట్టానో ఆ బల్ల మీదే పది నిమిషాలు పడుకున్నాను. ఆ పిల్ల చెప్పినట్టే సూదీ లేదు, మంటా లేదు. "ఎముకలు బాగా గుల్లబారాయి, వెన్నులో ఒకటి నొక్కుకుపోయింది కూడా" అంది డాక్టరమ్మ. "ఇంట్లో అక్కచెల్లెళ్లు ఉన్నారా?" అని అడిగింది. ఉన్నారని చెప్పాను. "వాళ్లనీ ఒకసారి తీసుకురండి, ఇది ఒక్కరితో ఆగేది కాదు" అంది. తలూపాను. బయటికొచ్చి దారపు రీళ్లు కొనుక్కున్నాను.

వారానికి ఒక్క మాత్ర ఇచ్చింది. పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి, అరగంట వరకూ ఏమీ తినకూడదు, తాగకూడదు, పడుకోకూడదు, వంగకూడదు. బుధవారం పెట్టుకున్నాను. మొదటి బుధవారమే నువ్వు టీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టావు. "తాగవే, చల్లారిపోతుంది." లేచి నిలబడి కళ్లు మూసుకున్నాను. "ప్రార్థనలో ఉన్నాను" అన్నాను. అదే అక్కా నిలుపు ప్రార్థన. నాకు పైనుంచి వచ్చిన పిలుపూ లేదు, నియమమూ లేదు. మాత్ర గొంతు దిగడానికి పట్టే అరగంట అది. దానికి నువ్వు భక్తితో పేరు పెట్టావు, ఊరంతా పంచావు. నేను పంచనిచ్చాను. మందు నేను మింగాను. మీ అందరికీ ఆకలి మిగిల్చాను.

ఇంకా ఒకటి ఉంది. అది రాయకుండా ఈ ఉత్తరం మడవకూడదని పెన్ను పట్టుకునే ముందే అనుకున్నాను. నువ్వు పడ్డప్పుడు నీ చెయ్యి నా గౌనుని పట్టుకుని జారింది. కింద నుంచి "ఒసే" అన్నావు. అంతే అన్నావు. నేను వెంటనే వంగలేదు. గోడ గడియారం చూశాను. పంతొమ్మిది నిమిషాలైంది. వంగితే మాత్ర పైకి తంతుందేమో అనుకున్నాను. ఎంతసేపు అనుకున్నానో తెలియదు. రెండు ఊపిర్లు పట్టి ఉంటుంది. నా అక్క నేల మీద ఉంటే, రెండు ఊపిర్లు నా ఎముకల గురించి ఆలోచించాను.

నేను హాల్లో చదివిన ఆ వాగ్దానానికి పైన ఇంకో మాట ఉంది, నీతిమంతుడికి వచ్చే కష్టాలు ఎన్నెన్నో అని. ఆ రోజు గ్రంథం పట్టుకున్నప్పుడు దాని మీద నా బొటనవేలు ఉంది. కావాలని పెట్టానో లేదో ఇప్పుడు నాకే తెలియదు. నడుం వంగి పద్దెనిమిదేళ్లు తలెత్తలేకపోయిన ఆడమనిషిని ప్రభువు సభ మధ్యకి పిలిచి నిలబెట్టిన కథ నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఆ ఆడమనిషిని నేనే అనుకునేదాన్ని. కాదు. ఆవిడ రెండో వరసలో నా ఎదురుగా కూర్చుని ఉంది, నేను కుట్టిన గౌను వేసుకుని. ఆ సభలో ఆవిడకి మేలు జరిగితే మండిపడ్డ పెద్దమనిషి ఒకడున్నాడు చూడు, నేను వాడిని.

రేపు ఆదివారం కాక పై ఆదివారం చీటీల నర్సు మళ్లీ హాలుకి వస్తోంది. నేనేం చేయాలో నువ్వు చెప్పు. చెప్పకపోయినా నీ తప్పు లేదు.

సంతకానికి ముందు ఏ బిరుదూ పెట్టుకోలేని
నీ చెల్లి

*

నా అక్కకు,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. దాన్ని నా కొలతల పుస్తకంలో, నీ పేజీలోనే పెట్టుకున్నాను. అయినా ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, నువ్వు అన్నది అన్నట్టే చదివానో లేదో నువ్వే చూసుకో. చదవడంలో నన్ను నమ్మొద్దు.

"పిడుగూ, నీ మాత్రల సంగతి నాకు ఏడాదిన్నర కిందే తెలుసు. తెల్ల బొత్తాం కోసం బొత్తాల డబ్బా బోర్లిస్తే మాత్రల అట్ట పడింది. దాని మీద బుధ, బుధ, బుధ అని నీ కోడిగీతలు. మందుల షాపతన్ని అడిగితే ఎముకలకి అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి బుధవారం వచ్చి నీ పక్కన నిలబడ్డది దేవుడి కోసం కాదు. ఇవాళ చెబుతుంది, ఇవాళ చెబుతుంది అని నిలబడ్డా. అక్కా, నా ఎముకలు పాడయ్యాయి, నువ్వూ చూపించుకో అని నీ నోటితో ఒక్క మాటంటే ఆ పూటే వెళ్లేదాన్ని. నీలాగా దొంగచాటుగా నేనూ బస్సెక్కాలా? ఇంటికి ఒక దొంగ చాలనుకున్నా. అది నా పొగరు, దానికి నా తుంటి ఇచ్చుకున్నా. నువ్వు గడియారం చూడటం కింద నుంచి నేను చూశాను. అది నువ్వు రాయకపోయుంటే నీకు ఈ జన్మలో జవాబు రాసేదాన్ని కాదు. క్షమించానని రాయలేను, కాలు నొప్పిగా ఉంది. నాకొక్కదానికి చెబితే చాలదు. ఏ నోటితో హాల్లో అరిచావో ఆ నోటితో అక్కడే చెప్పు. చెప్పాక రా. చెప్పకపోతే రాకు."

చెప్పాను.

పాటలయ్యాక లేచాను. నర్సు చివరి బెంచీ దగ్గర చీటీలు గుండెకి హత్తుకుని నిలబడి ఉంది, మళ్లీ తిట్లకి సిద్ధపడినట్టు. ముందు బొటనవేలు తీసి పై మాట చదివాను. తర్వాత బొత్తాల డబ్బాలో దాచిన మాత్రల అట్ట చూపించాను. నిలుపు ప్రార్థన అంటే ఏమిటో చెప్పాను. నీ గౌను అంచు సంగతి చెప్పాను. గడియారం సంగతి దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన మైకు వైరు పీకేశాడు. "ఇది సభమ్మా, నీ ఇంటి గొడవ కాదు" అన్నాడు. నా గొంతుకి మైకు ఎప్పుడు కావాల్సి వచ్చింది? అదీ చెప్పాను.

ఏడ్చి నన్ను కావలించుకుంటారని ఎక్కడో ఆశ ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉండేది. ఎవరూ కదల్లేదు. ముందుగా రొట్టెలావిడ లేచింది. "రెండేళ్లు మా చేత పొద్దున్నే టీ మాన్పించావు కదే!" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు. రిటైరైన టీచరమ్మ అడిగిందే నన్ను కోసింది. "నీ మాట విని అప్పుడు మానేశాం. ఇప్పుడు మళ్లీ నీ మాట విని వెళ్లాలా? రేపు ఇంకో డబ్బాలో ఇంకేం దొరుకుతుందో?" నేను చెప్పింది ఒకటే. "నా మాట వినొద్దు. ఆ అమ్మాయిని అడగండి." టీచరమ్మ సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడ వెనక ఇంకో పదిమంది. వాళ్లు నడిచి వెళ్తుంటే నేను వీపులు చూశాను అక్కా. ఇప్పుడు వీపులు తప్ప నాకేం కనిపించడం లేదు. వాళ్లలో నలుగురివి నీ వీపు లాంటివే.

చీటీలు తీసుకున్నది తొమ్మిదిమంది. అప్పటి ఇరవై ముగ్గురిలో తొమ్మిది. వెళ్లేటప్పుడు నర్సు నా దగ్గర ఆగింది. మెచ్చుకోలేదు, నిష్ఠూరమాడలేదు. "పెద్దమ్మగారి స్కాన్ చేయించారా? విరిగాక కూడా చేయించాలి. ఒకటి విరిగితే రెండోది విరగడానికి దారి తెలుస్తుంది" అంది. నీ కూతురికి ఈ మాట చదివి వినిపించు. ఇది నా మాట కాదు, ఆ అమ్మాయి మాట. కాబట్టి వినొచ్చు.

ఇక నన్ను హాల్లో మాట్లాడనివ్వరట. పెద్దాయన మనిషి చేత కబురంపాడు. ముప్పై ఏళ్లు నిలబడ్డ చోటు అది. బాధగా ఉంది. దాచడం మానేశాను కాబట్టి ఇదీ దాచను. చెప్పినందుకు తీశారా, దాచినందుకు తీశారా అని అడగాలనిపించింది. అడగలేదు.

నిన్న బుధవారం. పరగడుపున మన కుట్టు కొట్టు తలుపులు తెరిచే ఉంచి, వీధిలోకి కనిపించేలా, మాత్ర వేసుకుని నీళ్లు తాగి నిలబడ్డాను. అలవాటుగా కళ్లు కూడా మూసుకున్నాను. రొట్టెలావిడ వచ్చి గుమ్మంలో ఆగింది.

"ప్రార్థనా?" అంది వెటకారంగా.

"కాదు. మాత్ర."

కాసేపు నన్ను పైనుంచి కిందకి చూసింది. "మరి ఆ నిలబడటం దేనికి? కూర్చోకూడదా?"

"కూర్చోవచ్చు" అన్నాను. "నిటారుగా ఉంటే చాలు. డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది."

ఆవిడ నా ముఖం వంక చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు తిట్టులా ఉంటే బాగుండేది. కూర్చుంటే నువ్వు టీ తెచ్చి పెడతావని నిలబడ్డాను అక్కా. దానికోసమే. నేను కుర్చీలో కూర్చుని ఉంటే నువ్వూ నా పక్కన కూర్చునేదానివి. కూర్చున్నదానివి కళ్లు తిరిగినా బల్ల మీదకి వాలేదానివి.

రొట్టెలావిడ కత్తిరింపు బల్ల కింద నుంచి స్టూలు లాగింది. నీ స్టూలు. "కూర్చో" అంది. నేను దాని మీద కూర్చోలేదు. నాదే తెచ్చుకుని కూర్చున్నాను. మిగిలిన పదిహేను నిమిషాలూ ఆవిడ గుమ్మంలోనే ఉంది. టైం అయ్యాక, "ఇప్పుడు టీ తాగొచ్చా?" అని అడిగింది. తాగొచ్చన్నాను. నాకోసం పెట్టలేదు. వెళ్లిపోయింది.

ఆదివారం వస్తున్నాను. చెప్పాక రమ్మన్నావు కదా. తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను. బూడిదరంగు గౌను అంచు విప్పేశాను. టేపూ, పుస్తకమూ తెస్తున్నాను. నీ ముందు పొడవు ఎంత ఉంటే అంత, నీకూ నీ కూతురికీ వినబడేలా పైకి చదివి రాస్తాను.

నీ పిడుగు